దయ్యమా, వేల్పా? అకాలమరణాల చుట్టూ మన కథలు చేసిన పని

మునేరు

మా అమ్మమ్మగారి ఇంట్లో పెళ్ళి ముహూర్తం కుదిరిందంటే శుభలేఖల కన్నా ముందు జరిగే పని ఒకటుంది. అటక మీద ఉన్న వెదురు పెట్టెను దించి, అందులోని పాత చీరను ఇంటి ఆడపడుచుకు ఇచ్చి, దాని స్థానంలో కొత్త చీర, రవికల గుడ్డ, పసుపు, కుంకుమ, గాజులు పెట్టి, పరమాన్నం నైవేద్యం చేస్తారు. ఆ పెట్టె ఇంటి పేరంటాలిది. నాలుగు తరాల కిందట ఆ ఇంటి కోడలొకామె తొలికాన్పులో చనిపోయిందనీ, తరువాత ఇంట్లో వరుసగా పిల్లలకు జబ్బులు చేస్తే సోదె అడిగించారనీ, "నన్ను మరిచిపోయారు" అని ఆమె సోదెలో పలికిందనీ చెబుతారు. అప్పటి నుంచీ ఆమె మాకు వేల్పు.

అదే వీధి చివర మరొక ఇంటి కోడలు కూడా కాన్పులోనే పోయింది. ఆమెను మాత్రం ఊరు చింతచెట్టు మీది దయ్యంగానే గుర్తుపెట్టుకుంది. చీకటి పడ్డాక ఆ చెట్టు కింద నుంచి వెళ్ళవద్దని మమ్మల్ని చిన్నప్పుడు ఎంతగానో హెచ్చరించేవారు. రెండు మరణాలూ ఒకే రకానివి, ఇద్దరి వయసూ ఇంచుమించు ఒకటే. అయినా ఒకామెకు చీర పెడతాం, ఇంకొకామె పేరు చెబితే ఉమ్మివేస్తాం.

దీన్నే పెద్ద ఎత్తున చూడాలంటే మా వైపు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథ ఉంది. కథ ప్రకారం ఆమె అనిగండ్లపాడులో పుట్టి, గోపయ్యను పెళ్ళాడి, అత్త ఆరళ్ళు పడి, కుష్ఠు సోకి పశువుల పాకలో ఉండవలసి వచ్చిన మనిషి. మందను మేపుకురావడానికి అడవికి వెళ్ళిన భర్త పులి వాత పడితే అగ్నిలో ప్రవేశించిన స్త్రీ. ఈరోజుకూ ఆమెను "తిరుపతమ్మ పేరంటాలు" అనే పిలుస్తారు. ఆ జీవితంలోని ప్రతి ఘట్టమూ, వేరే చేతుల్లో పడి ఉంటే, ఒక భయంకరమైన దయ్యపు కథకు సరిపోయేదే.

నా అనుమానం ఇది: మన జనవిశ్వాసంలో దయ్యమూ, వేల్పూ ఒకే మట్టితో చేసినవి. తీరని కోరికతో, నిండని ఆయుష్షుతో పోయిన మనిషి ఎటు వెళ్ళాలో నిర్ణయించేది చావు కాదు, ఆ చావును ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు, ఎన్నేళ్ళకొకసారి చెప్పారు అన్నది. అంటే సాహిత్యం, ముఖ్యంగా పాడుకునే సాహిత్యం, విశ్వాసాన్ని వర్ణించి ఊరుకోవడం లేదు, దాన్ని తయారుచేస్తోంది. మీ ప్రాంతాల కథలు దీన్ని బలపరుస్తాయా, కాదంటాయా అన్నది తెలుసుకోవాలని ఉంది.

గంటస్తంభం

మునేరు గారు చెప్పిన నమూనాకు మా విజయనగరం పైడితల్లి అచ్చంగా సరిపోతుంది. ఆమె ఈ ఊరి పూసపాటి వారి ఆడపడుచు, పెద విజయరామరాజుకు చెల్లెలు. 1757 జనవరిలో బుస్సీ ఫ్రెంచి సేనతో కలిసి విజయనగరం బొబ్బిలి కోటను నేలమట్టం చేసిన తరువాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారంలోనే చంపాడన్నది చరిత్ర. ఆ సమయంలో పైడిమాంబ మశూచితో మంచం పట్టి ఉందనీ, అన్నకు ఆపద రాబోతోందని కలగని బయలుదేరిందనీ, దారిలోనే వార్త విని ప్రాణాలు విడిచిందనీ, పెద్దచెరువులో తన విగ్రహం దొరుకుతుందని పతివాడ అప్పలనాయుడికి చెప్పిందనీ మా వాళ్ళు చెబుతారు. ఆ వంశం వారే నేటికీ పూజారులు.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది ఒకటుంది. రోగంతో, దుఃఖంతో, పెళ్ళి కాకుండా, నీటి ఒడ్డున పోయిన స్త్రీ అంటే మన పల్లె లెక్కలో దయ్యం కావడానికి కావలసిన అర్హతలన్నీ ఆమెకు ఉన్నాయి. పైగా మునేరు గారి దయ్యం చింతచెట్టు మీద ఉంటే, మా అమ్మవారి సిరిమాను కూడా చింతమానే. ఏ తోటలో ఏ చెట్టు తనకు కావాలో అమ్మవారే పూజారికి కలలో చూపిస్తుందని నమ్మకం. దసరా తరువాత వచ్చే మంగళవారం ఆ మాను చివర కట్టిన ఆసనంలో పూజారి కూర్చుని, అమ్మవారి రూపంగా, ఆమె గుడి అయిన చదురుగుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. ఇళ్ళ కప్పుల మీద నుంచి జనం అరటిపళ్ళు విసురుతారు. దయ్యం కూర్చునే చెట్టునే నరికి, చెక్కి, ఊరేగించి, దాని మీద దేవతను కూర్చోబెట్టడం ఎవరైనా కావాలని చేసిన పనో, యాదృచ్ఛికమో చెప్పలేను కానీ, మా చిన్నాన్న మాత్రం "ఊళ్ళో పెద్ద మాను చింతే కదరా, దానికి ఇంత వేదాంతం ఎందుకు" అంటాడు.

హేతువు

ఇద్దరి రాతలూ ఆసక్తిగా చదివాను. కాని ఒక విషయం దగ్గర ఆగిపోయాను. మునేరు గారు "కథ" అంటున్న దాన్ని నేను "భయం" అంటాను. పిల్లలకు జబ్బు చేసింది కనుక సోదె అడిగించారు, సోదెలో చనిపోయిన కోడలు పలికింది కనుక చీర పెట్టారు. ఈ క్రమంలో సాహిత్యం ఎక్కడుంది? వైద్యం లేని కాలంలో రోగానికి ఒక కారణం కావలసి వచ్చింది, ఆ కారణానికి ఒక మనిషి రూపం ఇచ్చారు. కథ ఆ తరువాత అతికించిన అలంకారం.

నెల్లూరు ప్రాంతంలో మిషనరీగా పనిచేసిన ఎల్మోర్ అనే అమెరికన్ మన గ్రామదేవతల మీద 1915లో అచ్చువేసిన గ్రంథంలో ఇంచుమించు ఇదే చెప్పాడు. ఘోరంగా చనిపోయిన మనుషుల ఆత్మలకు భయపడి, వాటిని శాంతింపజేయడానికి మొదలైన ఆరాధనల నుంచే అనేక గ్రామదేవతలు పుట్టారన్నది ఆయన వాదన. ఆయన మతదృష్టితో నాకు పని లేదు, కాని గమనింపు సరైనదే.

మరొక సంగతి కూడా చెప్పక తప్పదు. తిరుపతమ్మ కథలో ఆమె అగ్నిప్రవేశాన్ని మనం తన్మయంగా చెప్పుకుంటున్నాం. మద్రాసు ప్రెసిడెన్సీలో సతీసహగమనాన్ని 1830లోనే నిషేధించారు. 1987 చట్టం దాన్ని కీర్తించడాన్ని కూడా నేరం చేసింది. ఇంటి బాధలు పడి చచ్చిపోయిన ఆడమనిషిని దేవతను చేసి చేతులు దులుపుకోవడం కన్నా, ఆమెను బాధపెట్టిన వారి పేరు చెప్పడం మేలు కాదా?

మునేరు

హేతువు గారూ, చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. ఆ కథ చెప్పేవారు బాధపెట్టిన వారి పేర్లు దాచరు. నేను విన్న పాటలో అత్త, ఆడబిడ్డ పెట్టిన ఆరళ్ళే సగం రాత్రి నడుస్తాయి. అగ్నిప్రవేశం తెల్లవారుజామున గబగబా అయిపోతుంది. వింటున్న ఆడవాళ్ళు ఏడ్చేది పశువుల పాక దగ్గర, చితి దగ్గర కాదు. దీన్ని సతీమహిమగా చదివినవారు ఉన్నారు, నేను కాదనను. కానీ ఆ పాట వినడానికి వచ్చే కోడళ్ళు దాన్ని అత్తింటి మీద అభియోగపత్రంగా వింటారని నా నమ్మకం.

ఇక భయం సంగతి. భయమే కారణమైతే మా వీధిలోని రెండు మరణాలకూ ఒకే ఫలితం రావాలి కదా. రెంటిలోనూ భయం ఉంది. ఒకచోట అది చీరగా మారింది, ఇంకొకచోట చెట్టు మీద మిగిలిపోయింది. తేడాను భయం వివరించలేదు.

నాగులేరు

మాది కారంపూడి వైపు. దయ్యానికీ వేల్పుకూ మధ్య ఉన్న గోడ ఎంత పలుచనో చూడాలంటే కార్తీక అమావాస్యకు మా ఊరు రావాలి. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో చనిపోయిన వీరుల ఆరాధన ఇక్కడ అయిదు రోజులు జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఈ పేర్లు చూడండి. ఇవి పూజావిధుల పేర్లు కావు, కథలోని ఘట్టాల పేర్లు. అంటే పండుగ అన్నది యుద్ధకథను మళ్ళీ మొదటి నుంచి చివరి దాకా జరిపించడమే. వీరుల గుడిలో మొక్కేది ఆయుధాలకు. చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళ ఆచారవంతులు తమ ఇళ్ళలో ఉన్న ఆయుధాలను మోసుకుని వస్తారు. కథ పాడేది వీరవిద్యావంతులు.

శ్రీనాథుడి పేర ఉన్న ద్విపద ప్రతిని అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో ప్రకటించిన తరువాత చదువుకున్న వారికి పల్నాటి చరిత్ర అంటే ఆ పుస్తకమే అయింది. కాని మా ఊళ్ళో పుస్తకం చేయలేని పని పాట చేస్తుంది. పాట పాడుతుంటే పూనకం వస్తుంది. కొంతమంది కత్తి మీద పడబోతే పక్కవాళ్ళు పట్టుకుంటారు. 1970లలో వచ్చి ఈ గాథను రికార్డు చేసి, 1982లో దాని మీద పుస్తకం వేసిన రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు కూడా కథను ఆరాధన నుంచి విడదీసి చూడలేదు.

హేతువు గారు కథ తరువాత అతికించిన అలంకారం అన్నారు. మా దగ్గర అది తలకిందులుగా ఉంది. కథ లేకపోతే ఆ వీరులు నాగులేటి ఒడ్డున దిక్కులేకుండా పడిపోయిన శవాలు మాత్రమే. కడుపు నిండా అన్నం తినకుండా, పెళ్ళయీ సంసారం చేయకుండా యుద్ధానికి వెళ్ళిన బాలచంద్రుడు లాంటి కుర్రవాడి కన్నా దయ్యం కాదగినవాడు ఇంకెవరుంటారు?

పద్యపాదం

ప్రౌఢకావ్యంలోనూ ఇదే సంగతి ఉందని గుర్తుచేయడానికి వచ్చాను. ఆముక్తమాల్యద ఆరో ఆశ్వాసంలో మాలదాసరి కథ తెలియని తెలుగు పాఠకులు తక్కువ. కురుంగుడి స్వామికి తెల్లవారుజామున పాట పాడడానికి వెళుతున్న దాసరి, వేళ తెలియక ముందే బయలుదేరి, దారి తప్పి మర్రిచెట్టు దగ్గర బ్రహ్మరాక్షసుడికి చిక్కుతాడు. స్వామికి పాడి తిరిగి వస్తానని మాట ఇస్తాడు, వస్తాడు. అప్పుడు రాక్షసుడు దాసరిని తినడం మానేసి పాట ఫలాన్ని అడుగుతాడు. తాను ఒకప్పుడు బ్రాహ్మణుడననీ, యజ్ఞం విషయంలో చేసిన తప్పు వల్ల ఈ రూపం వచ్చిందనీ తన కథ తానే చెప్పుకుంటాడు.

ఇక్కడ రాయలవారు ఎంత దూరం వెళ్ళారో గమనించండి. మొదట రాక్షసుణ్ణి, చెట్టును, చెట్టు కింద పడి ఉన్న ఎముకలను ఒళ్ళు జలదరించేలా వర్ణించారు. ఆ తరువాత ఆ రాక్షసుడికి ఒక గతం ఇచ్చారు. గతం చెప్పగానే అతడి మీద భయం పోయి జాలి మిగులుతుంది. విడుదల చేసిందేమో పాట. అదీ గుడి లోపలికి వెళ్ళే హక్కు లేని కులంలో పుట్టిన మనిషి పాట. కథ వరాహపురాణం నుంచి వచ్చినదే అయినా, దయ్యానికి విముక్తి అంటే దాని కథను వినడం, దానికోసం పాడడం అన్న మాట మునేరు గారి వీధికీ, విజయనగర సామ్రాట్టు ఆస్థానానికీ ఉమ్మడి అని నాకు అనిపిస్తుంది.

ఒక తేడా మాత్రం ఉంది. కావ్యంలో దయ్యం విడుదలై వెళ్ళిపోతుంది. పల్లెలో ఎక్కడికీ వెళ్ళదు. అటక మీది పెట్టెలోనే ఉంటుంది.

పాత సంచికలు

పెద్ద పెద్ద విషయాల మధ్య పిల్లల పత్రికను తెస్తున్నందుకు మన్నించండి. 1947 జూలైలో మొదలైన చందమామ సంచికలు నా దగ్గర చాలానే ఉన్నాయి. అందులోని దయ్యాల గురించి ఎవరైనా ఒక పరిశోధన చేయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆ దయ్యాలు పాడుబడ్డ ఇంట్లోనో, ఊరిబయట చెట్టు మీదో ఉంటాయి. పిసినారులను పట్టుకుంటాయి, అమాయకులకు సాయం చేస్తాయి, తెలివైనవాడి చేతిలో ఓడిపోయి నిధి ఎక్కడుందో చెప్పి వెళ్ళిపోతాయి. ఇక శవంలోని బేతాళుడైతే భయపెట్టడు, తీర్పు అడుగుతాడు. సోమదేవుడి కథాసరిత్సాగరంలో ఇరవై అయిదుగా ఉన్న కథలను మనవాళ్ళు వందలుగా పెంచగలిగారంటే, ఆ శవం అంత చక్కగా ప్రశ్నలు అడిగింది కనుకనే.

1952 నుంచి 1980లో చనిపోయే దాకా ఆ పత్రిక సంపాదకత్వం వహించింది కొడవటిగంటి కుటుంబరావు. ఆయన మార్క్సిస్టు, మూఢనమ్మకాలను తూర్పారబట్టిన మనిషి. అటువంటి ఆయన నెలనెలా పిల్లల చేతుల్లో దయ్యాలను పెట్టారు. ఇది వైరుధ్యమని కొందరంటారు. నాకలా అనిపించదు. ఆ దయ్యాలతో పెరిగిన నాకు చీకటి భయం పోయింది కానీ పెరగలేదు. దయ్యంతో మాట్లాడవచ్చు, బేరమాడవచ్చు, దాని బాధేమిటో అడగవచ్చు అన్నది ఆ కథలు నేర్పిన మొదటి సంగతి.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేవి 1980లలో వారపత్రికల్లో వెల్లువెత్తిన క్షుద్ర నవలలు. వాటిలో అతీతశక్తికి గతం ఉండదు, బాధ ఉండదు, చేతబడి చేసే విధానం మాత్రం వంటల పుస్తకంలో లాగా వివరంగా ఉంటుంది. పాఠకుడు భయపడడం తప్ప చేయగలిగిందేమీ లేదు. రెండూ "అతీంద్రియ సాహిత్యం" అన్న ఒకే బీరువాలో ఉండడం నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది.

హేతువు

పాత సంచికలు గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అదే దారిలో నా అసలు అభ్యంతరానికి వస్తాను. ఈ చర్చ అంతా చనిపోయిన వారి గురించే జరుగుతోంది. అతీతశక్తుల మీద నమ్మకానికి బలైన బతికున్న వారు ఎక్కడ?

మా తాతగారి ఊరు పాత మెదక్ జిల్లాలో ఉంది. బాణామతి, అంటే చేతబడి, అన్న మాట అక్కడ దయ్యం కన్నా భయంకరమైనది. దయ్యాన్ని ఎవరూ కొట్టలేరు, బాణామతి చేసిందని ముద్ర వేసిన మనిషిని కొట్టగలరు. నేను చిన్నప్పుడు చూసిన ఒక ముసలామెను చెప్తాను. భర్త లేదు, పిల్లలు లేరు, రెండు కుంటల భూమి ఉంది. ఎవరి గేదె పాలు ఇవ్వకపోయినా, ఎవరి పిల్ల మూర్ఛపోయినా చూపులు ఆమె గుడిసె వైపే తిరిగేవి. ఒక రాత్రి ఆమె పళ్ళు రాలగొట్టారు. మంత్రం చదవడానికి పళ్ళు ఉండాలని ఊరి నమ్మకం. తరువాత ఆమె ఊరు విడిచి వెళ్ళింది. ఆ రెండు కుంటలు ఎవరి చేతికి వచ్చాయో ఊళ్ళో అందరికీ తెలుసు.

మహారాష్ట్రలో నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టులో కాల్చిచంపిన తరువాత గానీ అక్కడ చేతబడి వ్యతిరేక చట్టం రాలేదు. కర్ణాటక 2017లో తెచ్చింది. సాహిత్యం విశ్వాసాన్ని తయారుచేస్తుందని మునేరు గారు అంటున్నారు. సరే, ఒప్పుకుంటాను. అయితే ఆ తయారీలో ఈ ముసలామెలాంటి వారి మీద పడ్డ రాళ్ళకు కూడా సాహిత్యం బాధ్యత తీసుకోవాలి. మన జానపద సినిమాల్లో, కథల్లో మంత్రగత్తె ఎప్పుడూ ఒంటరి ముసలిదే ఎందుకయింది?

గంటస్తంభం

హేతువు గారూ, ఈ మాట నన్ను రెండు రోజులు వెంటాడింది. ఒక చిన్న సవరణ మాత్రం: మా వైపు మంత్రగాళ్ళుగా ముద్రపడి చచ్చిన వారిలో మగవారు కూడా ఉన్నారు. ఒంటరితనమూ, చిన్న చెక్క భూమీ ఉమ్మడి. ఆడా మగా అన్నది ఒక్కొక్కసారి మారుతుంది.

లష్కర్ వాసి

సికింద్రాబాద్ నుంచి ఒక మాట. 1813లో ఇక్కడ మహమ్మారి చెలరేగినప్పుడు, ఉజ్జయినిలో ఉన్న మన దండులోని వారు అది తగ్గితే అమ్మవారిని ప్రతిష్ఠిస్తామని మహంకాళికి మొక్కుకున్నారన్నది మా బోనాల కథ. ఆషాఢంలో లష్కర్ బోనాల మర్నాడు రంగం జరుగుతుంది: పచ్చికుండ మీద నిలబడి జోగిని భవిష్యవాణి చెబుతుంది. వానలు, పంటలు, రోగాలు, "నన్ను సరిగ్గా చూసుకోవడం లేదు" అన్న నిష్ఠూరం. ఈ నిష్ఠూరం మునేరు గారి ఇంటి సోదెలోని "నన్ను మరిచిపోయారు" అన్న మాటకు అప్పచెల్లెలులాగా ఉంది.

మశూచిని మన వాళ్ళు రోగం అనలేదు, "అమ్మవారు పోసింది" అన్నారు. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదైంది, 1977లో దేశాన్ని మశూచి రహితంగా ప్రకటించారు. హేతువు గారి లెక్క ప్రకారం భయానికి కారణం పోతే దేవత కూడా పోవాలి. పోలేరమ్మ ఎక్కడికీ పోలేదు. చివరికి ఆటలమ్మ పోసినా వేపమండలు కట్టి, తలంటు దాకా ఇంట్లో తాలింపు వేయని ఇళ్ళు ఈ నగరంలోనే నాకు తెలుసు. రోగం పుట్టించిన దేవతను రోగం పోయాక నిలిపింది పాట, జాతర, బోనం, పోతరాజు కొరడా. మా పాపకు టీకా వేయించిన రోజే మా అమ్మ గుడికి వెళ్ళి సాక కూడా పోసి వచ్చింది; ఆమెకు ఇందులో ఏ ఇబ్బందీ కనబడలేదు.

పద్యపాదం

హేతువు గారి ప్రశ్నకు సాహిత్యం వైపు నుంచి రెండు జవాబులున్నాయి, రెండూ గురజాడవే. కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లు పెళ్ళాడినది ఆడవేషం కట్టిన మగపిల్లవాణ్ణి. ఆ "పెళ్ళికూతురు" మాయమైతే, అది కామినీ పిశాచమని నమ్మించి దాన్ని సీసాలో బంధించానని చెప్పే పూజారి గవరయ్య వస్తాడు. మోసం దొరికిపోకుండా కాపాడేది పిశాచమే. భయపడేవాడు, భయపెట్టేవాడు, లాభపడేవాడు ముగ్గురూ ఒకే రంగం మీద కనబడతారు. మన సాహిత్యంలో దయ్యం వెనుక ఉన్న లెక్కాచారాన్ని ఇంత నవ్విస్తూ బయటపెట్టిన దృశ్యం నాకు మరొకటి తెలియదు.

రెండవది ఆయన "కన్యక" గేయం. పెనుగొండ వాసవీ కన్యకాపరమేశ్వరి గాథను తీసుకుని, అందులోంచి దేవతను తీసివేశారు. అక్కడ ఉన్నది రాజు కన్నుపడ్డ ఒక కోమటి పిల్ల, ఎదిరించలేని పెద్దలు, ఆమె నిలదీసిన మాటలు, అగ్గి. దేవత అయితే ఆమెకు అవమానం ఒక లీల; మనిషి అయితే అది ఊరివాళ్ళందరి తప్పు. హేతువు గారు తిరుపతమ్మ విషయంలో అడిగిన పనిని గురజాడ నూరేళ్ళ కిందటే చేశారు. అయినా పెనుగొండ గుడి గుడిగానే ఉంది, గేయం పాఠ్యపుస్తకంలో గేయంగానే ఉంది. ఒకటి ఇంకొకదాన్ని తుడిచివేయలేదు.

డాలస్ తెలుగు

చర్చకు పనికివస్తుందో లేదో తెలియదు. సంక్రాంతికి పెద్దలకు కొత్త బట్టలు పెట్టడం మేము ఇక్కడా మానలేదు. పోయిన ఏడాది మా అత్తగారు పంచె, చీరతో పాటు ఒక చిన్న గౌను కూడా పెట్టమన్నారు. ఆమెకు నాలుగేళ్ళ వయసులో పోయిన చెల్లెలు ఉండేదని ఇరవై ఏళ్ళ కాపురంలో నాకు ఆ రోజే తెలిసింది. చింతచెట్లు లేని ఈ ఊళ్ళో ఆ పాప దయ్యమూ కాలేదు, వేల్పూ కాలేదు. గౌను మాత్రం పెట్టాం; తరువాత దాన్ని పక్కింటి పాపకు ఇచ్చాం.

హేతువు

డాలస్ తెలుగు గారూ, దానికి నాకు అభ్యంతరం లేదు. గుర్తుంచుకోవడానికీ భయపడడానికీ నేను చూస్తున్న తేడా అదే. అయితే మునేరు గారి వాదంలో ఒక ఖాళీ ఇంకా అలాగే ఉంది. వీధి చివరి కోడలికి కథ చెప్పేవారు ఎందుకు దొరకలేదు?

మునేరు

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోవడంతో నిన్న మా పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఆమెకు ఎనభై దాటాయి. ఆ వీధి చివరి కుటుంబం కౌలుకు వచ్చిన వారట. కోడలు పోయిన ఏడాదికే ఊరు విడిచి వెళ్ళారు. ఇల్లు ఖాళీగా పడి ఉంది, తరువాత కూలిపోయింది. చీర పెట్టేవాళ్ళు లేరు, సోదె అడిగేవాళ్ళు లేరు. కొన్నాళ్ళకు ఆమె చెట్టెక్కింది. కథ కావాలంటే కథకుడు ఒక్కడే చాలడు, ఆ కథ తమదని చెప్పుకునే ఒక ఇల్లు కావాలని నేను మొదట ఆలోచించనే లేదు. ఆ లెక్కన హేతువు గారి ముసలామెకూ ఈ కోడలికీ ఉన్న పోలిక నన్ను కలవరపెడుతోంది: ఇద్దరికీ వెనుక ఎవరూ లేరు.

కాని పెద్దమ్మ చెప్పిన ఇంకొక సంగతి నా వాదాన్ని కొంత తారుమారు చేసింది. మా పెట్టెలోని పేరంటాలి పేరేమిటని అడిగితే ఆమెకు తెలియదు. వాళ్ళ అత్తగారికీ తెలియదట. "పేరంటాలంటే పేరంటాలేనమ్మా" అంది. చింతచెట్టు మీది ఆమె పేరు అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పేరు, పుట్టినూరు, ఆమె మెడలో ఉండే నల్లపూసల రకం, పోయిన రోజున వాన పడుతున్న సంగతి కూడా చెప్పింది. వేల్పుగా చేసుకున్న మనిషిని మేము పూర్తిగా మరిచిపోయాం. దయ్యంగా వెలివేసిన మనిషిని ఊరు ఇంకా మోస్తోంది.

ఆ పేరు ఇక్కడ రాయడం బాగుండదు. శ్రావణంలో మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళి ఉంది. ఈసారి రెండు చీరలు తీసుకుందామా అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు. తరువాత "రెండోది ఎవరింటి అటక మీద పెడతావే?" అంది.